అప్పు ఎవరిది? తప్పు ఎవరిది?



తొలకరి వాన పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లోకి జనం వస్తారు. కర్నూలు జిల్లావాళ్లకు ఇది తెలిసిన సంగతే. వాన కడిగిన నేలలో వజ్రం కనిపిస్తుందని పిల్లాజెల్లాతో వచ్చి, తల వంచుకుని, పొద్దు గూకేదాకా వెతుకుతారు. వచ్చేవాళ్లలో బాకీలున్నవాళ్లు ఎందరో. "ఒక్క రాయి దొరికితే అప్పులన్నీ తీరిపోతాయి" అనే ఆశ వాళ్లను అక్కడికి నడిపిస్తుంది. ఎవరికో ఒకరికి దొరుకుతుంది. మిగతావాళ్లు నడుం నొప్పితో ఇంటికి పోతారు.

వాళ్లను చూసి మనం నవ్వాల్సిన పని లేదు. ఇంటి కోసం అప్పు పత్రం మీద సంతకం పెట్టేటప్పుడు మనమూ చాలాసార్లు అదే పని చేస్తాం. ఈ ఏడు పంట చేతికొస్తుంది, కొడుక్కు ఉద్యోగం వస్తుంది, స్థలం ధర పెరుగుతుంది అనుకుంటాం. తేడా ఒకటే. వజ్రం దొరక్కపోతే పోయేది ఒక రోజు కూలి. అప్పు లెక్క తప్పితే పోయేది తలమీది కప్పు.

అలా ఇల్లు పోయే రోజు వచ్చినప్పుడు తప్పు ఎవరిది? తీసుకున్నవాడిదా, ఇచ్చినవాడిదా, మధ్యలో నిలబడినవాడిదా, పాలించేవాడిదా? ఈ ప్రశ్నకు ధమ్మం ఏ దారి చూపుతుందో ఈ పత్రంలో కలిసి ఆలోచిద్దాం.

మనకు తెలిసిన ఇల్లు

ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. పేరు అక్కర్లేదు. మీ వీధిలోనే ఉంటుంది. ఆదోని వైపు పల్లె నుంచి కర్నూలు వచ్చి స్థిరపడిన తాపీ మేస్త్రి. భార్య బట్టలు కుడుతుంది. నాపరాళ్లు పరిచిన రెండు గదుల పాత ఇల్లు, దానికొక పట్టా ఉన్నాయి. కూతురికి సంబంధాలు చూస్తున్నారు. స్లాబు ఇల్లు కాదని వచ్చినవాళ్లు ముఖం చిట్లిస్తున్నారు. ఊళ్లో అందరికీ స్లాబులు వేసే మనిషికి తన ఇంటికి స్లాబు లేదన్న మాట గుచ్చుకుంది. తెలిసినవాడొకడు వచ్చి, "అన్నా, పట్టా ఉంది గదా, ఐదు లక్షలు నేను ఇప్పిస్తా" అన్నాడు.

ఇంటి ఆదాయం నెలకు 14 వేలు. ఫారంలో 25 వేలని పడింది. రాసింది మధ్యవర్తి. రాస్తుంటే మేస్త్రి చూశాడు. ఇల్లు చూసిపోవడానికి వచ్చిన కంపెనీ మనిషికీ అది అబద్ధమని తెలుసు. ముగ్గురూ నోరెత్తలేదు. బావమరిది వచ్చి జామీను సంతకం పెట్టాడు, అందులో ఏం రాసి ఉందో చదవకుండా.

వడ్డీ ఏడాదికి నూటికి 18. గడువు పదేళ్లు. నెల వాయిదా 9 వేలు. ఒక ఏడాది ఎలాగో కట్టారు. రెండో ఏడాది మేస్త్రి పరంజా మీంచి పడ్డాడు, కాలు విరిగింది. మూడు నెలల వాయిదాలు ఆగిపోయాయి. ఇంటికి నోటీసు వచ్చింది.

ఇప్పుడు రచ్చబండ దగ్గర మాటలు వినండి. "అంత అప్పు ఎవురు తీసుకోమన్నారు వాణ్ని?" అంటాడొకడు. "కట్టలేడని తెలిసి ఇచ్చినోళ్లది కాదా తప్పు?" అంటాడు ఇంకొకడు. "జామీను పెట్టినోడు సదువుకోవద్దా?" "గవర్నమెంటు ఏం జేస్తాంది?" అందరూ మాట్లాడతారు. ప్రతి వేలూ ఇంకొకరి వైపే చూపుతుంది. మేస్త్రి మాత్రం ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుని ఉంటాడు.

మనం చేయవలసిన పని ఆ వేలును మడవడం. మడిచి, "ఇందులో నా వంతు ఎంత?" అని ఒక్కొక్కరం అడగడం.

బుద్ధుడు అప్పును దుఃఖమనే అన్నాడు

ధమ్మం అంటే కళ్లు మూసుకుని కూర్చోవడమే, అప్పుల సంగతి దానికెందుకు అనుకునేవాళ్లున్నారు. అది పొరపాటు. అంగుత్తర నికాయంలో ఇణ సుత్తం అని ఒకటి ఉంది. పాళీలో ఇణం అంటే మనం ఋణం అనే మాటే. సంసారికి పేదరికం దుఃఖమని భగవానుడు అందులో మొదలుపెడతాడు. పేదరికం అప్పుకు తోస్తుంది. అప్పు వడ్డీని తెస్తుంది. వడ్డీ కట్టలేకపోతే అడగడానికి మనుషులు వస్తారు. అప్పుడూ కట్టలేకపోతే వెంటపడతారు. చివరికి బంధిస్తారు. ఈ ఆరు మెట్లలో ప్రతి ఒక్కటీ దుఃఖమేనని ఆయన విడివిడిగా చెప్పాడు. రెండున్నర వేల ఏళ్లు దాటినా ఆ మెట్ల వరస మారలేదు చూడండి.

థేరీగాథల్లో ఇసిదాసి అనే భిక్షుణి తన పూర్వజన్మ చెప్పుకుంటుంది. అందులో ఆమె బండి తోలుకునే పేదవాడి కూతురు. తండ్రికి అప్పులు. వడ్డీ పెరిగి పెరిగి కొండయింది. అప్పిచ్చిన వర్తకుడు వచ్చి, ఏడుస్తున్న ఆ పిల్లను ఇంట్లోంచి లాక్కుపోయాడు. అప్పు తండ్రిది. గడప దాటింది కూతురు. అప్పు చేసేవాడికి ఇది గుర్తుండాలి, వసూలు చేసేవాడికీ గుర్తుండాలి. సంతకం ఒకరు పెట్టినా, భారం మోసేది ఇంటిల్లిపాదీ.

అనాథపిండిక శ్రేష్ఠికి భగవానుడు గృహస్థుడి సుఖాలు నాలుగు చెప్పాడు. కష్టపడి న్యాయంగా సంపాదించానన్న సుఖం ఒకటి. దాన్ని అనుభవించి, పుణ్యకార్యాలకు వాడానన్న సుఖం రెండు. ఎవరికీ బాకీ లేనన్న సుఖం మూడు. నిందలేని నడవడి నాలుగు. అన్నిటికంటే గొప్పది నాలుగోదే. మూడోదాన్ని నాలుగోదాని పక్కనే పెట్టడంలో అర్థం ఉంది. బాకీ లేకపోవడం, నింద లేకపోవడం ఇరుగుపొరుగు సుఖాలు.

తీసుకున్నవాడి వంతు

ముందు మన ఇంటి నుంచే మొదలుపెడదాం, ఎందుకంటే ఈ పత్రం చదివేవాళ్లలో ఎక్కువమందిమి తీసుకునేవాళ్లమే.

వసల సుత్తంలో ఒక ప్రశ్న వస్తుంది: నీచుడు ఎవడు? పుట్టుకతో ఎవడూ నీచుడు కాడు, చేసే పనివల్ల అవుతాడు అని భగవానుడి జవాబు. ఆ పనుల జాబితాలో ఇదీ ఉంది: అప్పు తీసుకుని, అడిగినప్పుడు నీకు నేనేమీ బాకీ లేనని తప్పించుకునేవాడు. కులం చూసి మనిషిని కొలిచే సమాజానికి ఎదురు నిలబడి చెప్పిన సుత్తంలో ఈ మాట ఉందంటే, మాట తప్పడాన్ని ఆయన ఎంత బరువుగా చూశాడో అర్థం చేసుకోండి. ఇవ్వనిది తీసుకోకపోవడం రెండో శీలం. ఇవ్వగలిగి ఇవ్వకపోవడం ఆ శీలాన్ని తప్పడమే. అబద్ధమాడకపోవడం నాలుగో శీలం. 14 వేలను 25 వేలని రాస్తుంటే ఊరుకోవడం దాన్ని తప్పడమే.

అయితే ఇక్కడ ఒక గీత గీసుకోవాలి. కట్టలేకపోవడం వేరు, కట్టనని మొండికేయడం వేరు. కాలు విరిగిన మేస్త్రి మొదటివాడు. అతను సిగ్గుపడి దాక్కోవలసిన పని లేదు, ముందుకొచ్చి నిజం చెప్పవలసిన పని ఉంది. సొమ్ము దగ్గర పెట్టుకుని "ఎట్లాగూ మాఫీ వస్తుందిలే" అని కూర్చున్నవాడు రెండోవాడు. అతనివల్ల అప్పిచ్చినవాడూ నష్టపోతాడు, రేపు నిజంగా అవసరమైన పొరుగువాడికి అప్పు పుట్టకుండానూ పోతుంది. అనాథపిండికుడి దగ్గర వర్తకులు 18 కోట్లు అప్పు తీసుకుని తిరిగి ఇవ్వలేదని అట్ఠకథ చెబుతుంది. అంతటి దాత ఒక దశలో పేదవాడయ్యాడు. అప్పిచ్చినవాడు ఎప్పుడూ రాక్షసుడే అనుకోకూడదని ఆ కథ చెబుతుంది.

ఇక లెక్క. దీఘజాణు అనే గృహస్థుడికి భగవానుడు సమజీవితం గురించి చెబుతూ త్రాసు పట్టినవాణ్ని చూపించాడు. ముల్లు ఎటు ఒరుగుతుందో త్రాసు పట్టినవాడికి తెలిసినట్టే, గృహస్థుడికి తన రాబడి ఎంతో, ఖర్చు ఎంతో తెలిసి ఉండాలి. ఆ త్రాసు మనమూ పట్టి చూద్దాం.

ఐదు లక్షలు, పదేళ్లకు, ఏడాదికి నూటికి 9 వడ్డీ అయితే నెల వాయిదా సుమారు 6,330 రూపాయలు. మొత్తం కట్టేది 7 లక్షల 60 వేలు. అదే 18 వడ్డీ అయితే నెలకు సుమారు 9,010. మొత్తం 10 లక్షల 81 వేలు. తీసుకున్నదానికి రెట్టింపు దాటింది. మన ఊళ్లలో నూటికి రెండు రూపాయలని తేలిగ్గా అనేస్తాం. అంటే ఏడాదికి 24. ఐదు లక్షలకు నెలకు 10 వేలు వడ్డీకే సరిపోతుంది, అసలు ఒక్క రూపాయి తగ్గదు.

మేస్త్రి ఇంట్లో 14 వేలలో 9 వేలు పోతే మిగిలేది 5 వేలు. బియ్యం, కరెంటు, చదువు, మందులు అన్నీ అందులోనే. కాలు విరగకపోయినా ఆ త్రాసు ఒరిగే ఉంది. విరిగిన కాలు దాన్ని అందరికీ కనిపించేలా చేసిందంతే. సిగాల సుత్తంలో రాబడిని నాలుగు భాగాలు చేసి, ఒక భాగాన్ని ఆపదకు దాచమన్నారు. పెట్టుబడికి రెండు, అనుభవించడానికి ఒకటి. కరువు సీమలో పుట్టినవాళ్లం మనం. ఆపద వస్తుందా అని కాదు, ఎప్పుడొస్తుందా అని లెక్క వేసుకోవలసినవాళ్లం.

ఇచ్చినవాడి వంతు

అప్పివ్వడం పాపమని ధమ్మం అనలేదు. ఉపాసకుడు చేయకూడని వ్యాపారాలు ఐదని చెప్పినప్పుడు ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం అన్నారు. వడ్డీ అందులో లేదు. కానీ మిథ్యా ఆజీవం ఏదో వివరించిన చోట, లాభంతో లాభాన్ని వేటాడడం కూడా చేర్చారు. ఎదుటివాడు కట్టగలడా లేదా అని చూడకుండా, అతని పట్టాను మాత్రమే చూసి డబ్బిచ్చేవాడు చేసేది ఆ వేటే. అతని లెక్కలో వాయిదా వస్తే వడ్డీ లాభం, రాకపోతే ఇల్లు లాభం. మనిషి బాగుపడినా చెడిపోయినా తనకు నష్టం లేని చోట నిలబడి అప్పిచ్చేవాడికి జాగ్రత్త ఎందుకుంటుంది?

ఈ చోటును గుర్తుపట్టడం నేర్చుకోవాలి. చరిత్రలో ఇది మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

మన కేసీ కాలువనే తీసుకోండి. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా కాలువ తవ్వాలని 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ పని మొదలుపెట్టింది. పెట్టుబడి ఇంగ్లండు వాటాదారులది. పది లక్షల పౌండ్ల మీద నూటికి 5 వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. కాలువ పారినా పారకపోయినా వాళ్ల వడ్డీ వాళ్లకు వస్తుంది. ఖర్చు అంచనాలు దాటింది. నల్లరేగడిలో మెట్ట పంటలు పండించే రైతు మొదట్లో ఆ నీళ్లకు ఎగబడలేదు. కంపెనీ లెక్క తలకిందులైంది. 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది. తప్పుడు అంచనా భారం అంచనా వేసినవాళ్ల మీద పడలేదు, ఈ దేశంలో శిస్తు కట్టినవాళ్ల మీద పడింది. ఈ రోజు ఆ కాలువ కింద మన అన్నం పండుతోంది, అది మంచిదే. అయినా అప్పు నడిచిన తీరులో పాఠం పాఠమే.

ఇంకొకటి మన కాలంలోనిది. అమెరికాలో 2008కి ముందు ఆదాయం, ఉద్యోగం, ఆస్తి ఏదీ సరిగ్గా చూడకుండా ఇంటి అప్పులు ఇచ్చారు. ఇచ్చిన సంస్థ ఆ పత్రాలను ఇంకొకరికి అమ్మేసి చేతులు దులుపుకుంది. కొన్నవాళ్లు వాటిని కట్టలు కట్టి మరొకరికి అమ్మారు. వాయిదాలు ఆగేసరికి ఎవరి దగ్గర ఎంత చెడ్డ అప్పు ఉందో తెలియలేదు. 2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. లక్షల కుటుంబాలు ఇళ్లు వదిలి బయటికొచ్చాయి. అక్కడ పనిచేస్తున్న మన తెలుగు పిల్లల ఉద్యోగాలకూ ఆ దెబ్బ తగిలింది.

మూడోది మన గడపలోనే జరిగింది. 2010లో మన రాష్ట్రంలో సూక్ష్మ రుణ సంస్థల గొడవ చాలామంది అక్కచెల్లెళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చాయి. వారం వారం వసూలు. ఒకామె కట్టలేకపోతే గ్రూపులోని తోటి ఆడవాళ్లనే ఆమె గుమ్మం ముందు కూర్చోబెట్టారు. ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు వచ్చాయి. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వారం వసూళ్లు ఆపి నెలవారీ చేయమంది, సంస్థలన్నీ నమోదు చేసుకోవాలంది. తర్వాత ఏమైంది? బాధితులకు ఊపిరి అందింది. కానీ కట్టగలిగినవాళ్లు కూడా కట్టడం మానేశారు. కొత్త అప్పులు దాదాపు ఆగిపోయాయి. అవసరం మాత్రం ఆగలేదు కాబట్టి చాలామంది మళ్లీ పాత వడ్డీ వ్యాపారుల గడప ఎక్కారు. ఒకవైపు కరుణ లేదు, ఇంకోవైపు మాట నిలుపుకోవడం పోయింది. రెండు వైపులా దుఃఖమే మిగిలింది.

మధ్యవాళ్ల వంతు

మధ్యవర్తికి కమీషన్ అప్పు ఇప్పించినందుకు వస్తుంది, తీరినందుకు రాదు. సిగాల సుత్తంలో మిత్రుల వేషంలో ఉండే శత్రువులను లెక్కపెట్టినప్పుడు, చెడ్డ పనికీ సరే, మంచి పనికీ సరే అంటూ ముందర పొగిడేవాడిని చేర్చారు. "అన్నా, నీకేం తక్కువ, కట్టేస్తావులే" అన్నవాడు వాడే. నీ మేలు కోరేవాడు లెక్క అడుగుతాడు, అవసరమైతే వద్దంటాడు.

కంపెనీ ఉద్యోగి కూడా ఎవరో పేదింటి పిల్లవాడే. నెల టార్గెట్ చేరకపోతే అతని జీతానికి గండి. అతని కష్టం నిజమే. అయినా అబద్ధపు ఆదాయం మీద టిక్కు పెట్టిన చేయి అతనిదే. కమ్మం అంటే చేతన, అంటే తెలిసి చేసే సంకల్పం అని భగవానుడు చెప్పాడు. పైవాడు చెప్పాడన్న మాట భారాన్ని తగ్గిస్తుందేమో గానీ తుడిచెయ్యదు.

బావమరిది సంగతి. జామీను అంటే మర్యాద కోసం పెట్టే సంతకం కాదు. అతను కట్టకపోతే నేను కడతానని ఇచ్చే మాట. కట్టే ఉద్దేశం, కట్టే శక్తి లేకుండా ఆ మాట ఇస్తే అది అబద్ధమే. "బావా, నాకు అంత శక్తి లేదు" అని ముందే చెప్పి ఉంటే ఒక పూట అలకతో పోయేది.

మరి పెళ్లి చూపులకు వచ్చి స్లాబు లేదని ముఖం చిట్లించినవాళ్లో? వాళ్లు ఏ పత్రం మీదా సంతకం పెట్టలేదు. అయినా ఈ అప్పులో వాళ్ల వంతు ఉంది. ఇంటి కప్పును బట్టి మనిషిని కొలిచే చూపు మనందరిలో ఎంతో కొంత ఉంది. ఆ చూపు ఎన్ని ఇళ్లను తాకట్టు పెట్టించిందో ఆలోచించండి.

పాలకుల వంతు

కూటదంత సుత్తంలో ఒక రాజు కథ ఉంది. రాజ్యంలో దోపిడీలు పెరిగాయి. శిక్షలతో అవి ఆగవని పురోహితుడు చెప్పాడు. సేద్యం చేసేవాడికి విత్తనం, వ్యాపారం చేసేవాడికి పెట్టుబడి, కొలువు చేసేవాడికి సరైన జీతం ఇవ్వమన్నాడు. ఎవరి పని వాళ్లకు దొరికాక జనం తలుపులు తీసుకుని నిద్రపోయారట. జనం తప్పుడు అప్పుల్లోకి పోకూడదంటే మంచి పెట్టుబడి అందుబాటులో ఉండాలి. అది పాలకుల వంతు.

మన పట్టణాల్లో టిడ్కో ఇళ్లు కట్టారు. కర్నూలులో జగన్నాథగట్టు మీద ఆ బిల్డింగులు మీరు చూసే ఉంటారు. 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లు. పెద్ద రకాలకు లబ్ధిదారుల పేరుతోనే బ్యాంకు అప్పు పెట్టారు. ప్రభుత్వాలు మారాయి, పనులు ఆలస్యమయ్యాయి. తాళం చేతికి రాకముందే వాయిదా కట్టమని బ్యాంకు నోటీసులు వచ్చిన కుటుంబాలున్నాయి. ఒక చోట ఇంటి అద్దె, ఇంకో చోట తాము ఉండని ఇంటికి వాయిదా. ఆ నోటీసులో పేరు పేదవాడిది, ఆలస్యం అతనిది కాదు. ఏ పార్టీ ఎక్కువ తప్పు చేసిందని వాదించడం ఈ పత్రం పని కాదు. పేదవాడి పేరుతో అప్పు పెట్టినవాళ్లు, అతనికి తాళం ఇచ్చే దాకా ఆ అప్పుకు బాధ్యులే అని మాత్రం చెప్పగలం.

జొన్నగిరి పొలాల పక్కనే ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వజ్రాలకు వచ్చేవాళ్లలో ఎంతమంది ఆ బండల దాకా పోతారో గానీ, అసలు వజ్రాలు అక్కడే ఉన్నాయి. చెరలో ఉన్నవాడికి పిల్లలున్నారా, ముసలివాడా, ఏ కష్టంలో ఉన్నాడు అని చూసి మెలగడం ధమ్మ మహామాత్రుల పని అని ఆ శాసనాల్లో రాజు రాయించాడు. శిక్షించే అధికారం ఉన్నవాడు ముందు మనిషి పరిస్థితి చూడాలన్నది అందులోని నీతి. నేటి బ్యాంకు మేనేజరుకూ అది వర్తిస్తుంది.

అయితే తప్పు ఎవరిది?

ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది లేదు అన్నది పటిచ్చ సముప్పాదం. మేస్త్రి ఇల్లు జప్తుకు రావడానికి ఒక్క కారణం లేదు. అతని ఆశ, మధ్యవర్తి కమీషన్, కంపెనీ టార్గెట్, బావమరిది మొహమాటం, పెళ్లివారి చూపు, కాలు విరిగితే ఆదుకునే ఏర్పాటు లేకపోవడం, అన్నీ కలిస్తేనే ఆ నోటీసు వచ్చింది. వీటిలో ఏ రెండు లేకపోయినా బహుశా ఆ ఇల్లు నిలబడేది.

దీన్ని విని కొందరు "అందరిదీ తప్పంటే ఎవరిదీ కాదన్నమాట" అంటారు. కాదు. అది తప్పించుకునే దారి. అందరిదీ అంటే ప్రతి ఒక్కరిదీ. నా వంతు నేను మోస్తే పక్కవాడి వంతు తగ్గదు, అతని వంతును చూపించి నా వంతు దించుకోలేను. ఒక్క మాట మాత్రం మరిచిపోకూడదు. ఎవరికి ఎక్కువ తెలుసో, ఎవరికి కాదనే శక్తి ఎక్కువ ఉందో వారి వంతు పెద్దది. వెయ్యి అప్పులు చూసిన కంపెనీకి ఏది మునుగుతుందో తెలుసు. మేస్త్రికి ఇదే మొదటి అప్పు. కాబట్టి రచ్చబండ మీద మొదటి రాయి మేస్త్రి మీద వేయడం న్యాయం కాదు.

ఇప్పుడు చేయవలసింది

ఆలోచన ఆచరణలోకి రాకపోతే ధమ్మం కాదు. కాబట్టి కొన్ని సంగతులు.

సంతకానికి ముందు: నెల వాయిదా, ఏడాది వడ్డీ, మొత్తం కట్టేది, అన్ని ఖర్చులు ఒకే కాగితం మీద అడగండి. 2024 అక్టోబరు నుంచి బ్యాంకులు, రుణ సంస్థలు ఆ వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి, భార్యాభర్తలు కలిసి ఒక రాత్రి దాని మీద నిద్రపోండి. ఖాళీ కాగితం మీద, అబద్ధపు ఆదాయం మీద సంతకం పెట్టకండి.

వాయిదా తప్పేలా ఉంటే: తప్పకముందే బ్యాంకుకు పోండి. గడువు పెంచమని, వాయిదా తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. ఆసుపత్రి కాగితం జత చేయండి. ఒక అప్పు తీర్చడానికి ఇంకా ఎక్కువ వడ్డీకి మరో అప్పు చేయకండి.

నోటీసు వస్తే: చింపేయకండి, దాచకండి, తేదీ చూడండి. మామూలుగా 90 రోజులు బాకీ ఆగితే మొండి బకాయి అంటారు. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద అయితే ఆ తర్వాత 60 రోజుల నోటీసు ఇవ్వాలి. మీరు అభ్యంతరం రాస్తే 15 రోజుల్లో జవాబివ్వాలి. స్వాధీనం చేసుకుంటే 45 రోజుల్లో రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు పోవచ్చు. ఆ చట్టం సేద్యపు భూమికి వర్తించదు. ఇల్లు వేలం వేస్తే బాకీ, ఖర్చులు పోను మిగిలిన సొమ్ము మీదే, అడిగి తీసుకోండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పేదలకు ఉచితంగా సలహా ఇస్తారు.

వసూలుకు వచ్చేవాళ్లు వేధిస్తే: ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు, బెదిరించకూడదు, నలుగురిలో అవమానించకూడదు. ముందు ఆ సంస్థకే ఫిర్యాదు రాయండి. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. వివరాలకు ఫోన్ 14448.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరగా. అప్పు కోసం ప్రాణం తీసుకోవద్దు. ప్రాణం తీయకపోవడమనే మొదటి శీలంలో మన ప్రాణం కూడా ఉంది. మీరు పోతే అప్పు పోదు, ఇసిదాసిలాగా ఇంట్లో మిగిలినవాళ్ల గడపకే వస్తుంది. మనసు బరువైతే 14416కు ఫోన్ చేయండి, టెలి మానస్ వాళ్లు ఏ వేళనైనా తెలుగులో మాట్లాడతారు. మీ వీధిలో నాలుగు రోజులుగా ఎవరైనా బయటికి రాకపోతే, మీరే పోయి తలుపు తట్టండి. లెక్క అడగకండి, నీతి చెప్పకండి. "అన్నా, తిన్నావా?" అని అడగండి. తర్వాత నోటీసు తెమ్మని, పక్కన కూర్చుని చదివిపెట్టండి.

మిత్రులారా, ఈ రాత్రి పడుకునేముందు ఐదు నిమిషాలు కూర్చోండి. నేను ఇవ్వగలిగి ఇవ్వని బాకీ ఏదైనా ఉందా? కట్టలేడని తెలిసి ఎవరికైనా ఇచ్చానా, ఇప్పించానా? చదవకుండా ఎక్కడైనా సంతకం పెట్టానా? ఎవరి ఇంటి కప్పునైనా చిన్నచూపు చూశానా? ఎవరి కష్టం తెలిసి కూడా ఊరుకున్నానా? దొరికిన జవాబును బట్టి రేపు ఒక్క పని చేయండి. బాకీ అంటే డబ్బు బాకీ ఒక్కటే కాదు, చేయవలసి చేయకుండా ఉండిపోయింది కూడా బాకీయే.

అప్పులో ఉన్నవాళ్లకు ధైర్యం, అప్పిచ్చేవాళ్లకు కరుణ, మధ్యలో ఉన్నవాళ్లకు సత్యం కలగాలి. ప్రతి ఇంటికీ బాకీలేని సుఖం దక్కాలి. అందరికీ మంగళం కలగాలి.